ఇద్దరిలో ఒకడికి

"పుట్టిన మొదటి ఏడాది పిల్లలిద్దరూ ఒక్కచోటే పెరిగారా అమ్మా?" అని అడిగారు డాక్టరు వసుంధర, చేతిలోని కాగితం మీంచి తల ఎత్తకుండానే.

"ఒక్కచోటేనండి," అంది జోహ్రా.

ఇరవై ఏళ్ళుగా ఎవరడిగినా ఆ మాటే చెప్పి చెప్పి నాలుకకి అలవాటైపోయింది. అనేశాకగాని అది అబద్ధమని ఆమెకి తోచలేదు. పక్క కుర్చీలో ఉన్న ముజీబ్ తల్లి వంక ఒక్కసారి చూసి, మళ్ళీ తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. డాక్టరమ్మ కాగితం మీద టిక్కు పెట్టి తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు.

వసుంధర గారు పేగుల జబ్బుల డాక్టరు. విజయవాడలో ఉంటారు, గురువారం గురువారం గుడివాడ వచ్చి చూస్తారు. ముజీబ్ ఏడాదిగా ఆవిడ దగ్గర చూపించుకుంటున్నాడు. అతను ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువుల మీద తిరుగుతూ, నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు బాగుచేసేవాడు. గుడివాడలోనే చిన్న గది తీసుకుని ఉండేవాడు. మూడేళ్ళ కిందట కడుపునొప్పి, విరేచనాలు మొదలయ్యాయి. చాటన్నది లేని చెరువుగట్ల మీద పనిచేసేవాడికి రోజుకి పదిసార్లు బయటికి వెళ్ళాల్సి రావడం ఎంత నరకమో అతను ఎవరికీ చెప్పుకోలేదు. మొదట చూసిన డాక్టరు పేగుల్లో క్షయ అనుకుని తొమ్మిది నెలలు మందులు వాడించాడు. అసలు జబ్బూ, క్షయా చూడ్డానికి ఒకేలా ఉంటాయట. చివరికి వసుంధర గారు పేగులోంచి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించి, ఇది క్రోన్స్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రక్తకణాలే పేగు మీద పడి దాన్ని వాచిపోయేలా, పుండ్లు పడేలా చేస్తాయన్నారు. అప్పటికే డెబ్భై కిలోల మనిషి నలభై ఆరుకి దిగిపోయాడు.

ఆ గురువారం తల్లితో పాటు తమ్ముడు బిలాల్ కూడా తోడు వచ్చాడు. ఇద్దరూ గదిలోకి రాగానే డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేశారు. ఒకే ముక్కు, ఒకే కనుబొమలు, ఒకే ఎత్తు. ఒకడు నిండుగా ఉన్నాడు, ఇంకొకడు ఎండిపోయాడు.

"కవలలని చెప్పలేదేం ముజీబ్?"

"మీరు అడగలేదండి," అన్నాడు ముజీబ్ నవ్వి.

హైదరాబాదులో కొందరు ఇలాంటి జంటల కోసం వెతుకుతున్నారని ఆవిడ చెప్పారు. ఒకే గింజలోంచి వచ్చిన ఇద్దరిలో ఒకరికి జబ్బు వచ్చి, ఇంకొకరికి రాకపోతే, ఆ తేడా ఎక్కడుందో తెలుసుకోవాలని వాళ్ళ ప్రయత్నం. "మీ ఇద్దరి జన్యువులూ ఒకటే. అందులో తేడా ఉండదు. కానీ ఆ జన్యువుల మీద చిన్న చిన్న గుర్తులు పడుతుంటాయి. ఏ జన్యువు పనిచెయ్యాలి, ఏది ఊరుకోవాలి అన్నది ఆ గుర్తుల్ని బట్టి ఉంటుంది. తిన్న తిండి, తాగిన పాలు, వాడిన మందులు, పీల్చిన పొగ, పడ్డ బాధ... వీటి వల్ల కూడా ఆ గుర్తులు మారతాయంటారు. ముఖ్యంగా పసితనంలో."

ముజీబ్ దాన్ని తన భాషలోకి తిప్పుకున్నాడు. "అంటే మోటార్లు రెండూ ఒకే కంపెనీవి, వైండింగూ ఒకటే. తిరిగిన చెరువులు వేరు. అంతేనాండి?"

"దాదాపు అంతే," అన్నారు డాక్టరమ్మ. "కానీ ఏ నీళ్ళు చేశాయో చెప్పడం అంత తేలిక కాదు."

ఆ చివరి మాట జోహ్రా చెవిన పడలేదు. పసితనంలో అన్నమాట దగ్గరే ఆమె ఆగిపోయింది. అన్నదమ్ములిద్దరి రక్తం తీశారు. ఇంటి దగ్గర గుర్తు తెచ్చుకుని నింపి పంపమని నాలుగు పేజీల ప్రశ్నలు చేతికిచ్చారు. బందరు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, గుడివాడ నుంచి ఇంటిదాకా ఆ కాగితాలు ఒళ్ళోనే పెట్టుకుంది.

*

ఇరవై ఆరేళ్ళ కిందట పిల్లలు పుట్టినప్పుడు జోహ్రాకి పురిటిజ్వరం పట్టుకుంది. పాలు ఒకడికే చాలీచాలకుండా ఉండేవి. భర్త లాల్ ఐసు ఫ్యాక్టరీలో పని మానుకుని ఎన్నాళ్ళని ఇంట్లో కూర్చుంటాడు? పదో రోజున అక్క కౌసర్ నాగాయలంక నుంచి వచ్చింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా ఆమెకి పిల్లల్లేరు. చాప మీద పసివాళ్ళిద్దరూ ఉన్నారు. ఒకడు నిద్రపోతున్నాడు, ఇంకొకడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఏడుస్తున్నవాణ్ణి కౌసర్ ఎత్తుకుంది.

"నువ్వు లేచి కూర్చునేదాకా వీణ్ణి నాకివ్వు," అంది.

జోహ్రా మూడు నెలలకి లేచి తిరిగింది. కానీ తెచ్చిస్తానని కౌసర్ అనలేదు, తెమ్మని జోహ్రా అడగలేదు. ఒకడితోనే ఇల్లు గడవడం కష్టంగా ఉండేది. చూస్తుండగానే ఆరేళ్ళు గడిచాయి. బడిలో వేసే వయసొచ్చాక లాల్, "మన బిడ్డ మన ఇంట్లో ఉండాలి" అని పట్టుబట్టాడు. అవనిగడ్డ బస్టాండులో ముజీబ్ కౌసర్ కొంగు రెండు చేతులా పట్టుకున్నాడు. జోహ్రా ఆ వేళ్ళని ఒక్కొక్కటీ విడదీసింది. బందరు వచ్చాక వాడు పదకొండు రోజులు రస్కులూ మంచినీళ్ళూ తప్ప ఏమీ ముట్టలేదు. పన్నెండో రోజున అన్నం అడిగాడు. అప్పటిదాకా కౌసర్ని అమ్మీ అని పిలిచేవాడు.

"ఆవిడ ఖాలా. పెద్దమ్మ. అమ్మీని నేను," అని నేర్పింది జోహ్రా. రెండు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది, అంతే. ఆ ఏడే చిలకలపూడి వైపు ఇల్లు మారారు. కొత్త వీధిలో కవలలిద్దరూ మొదటి నుంచీ తన దగ్గరే పెరిగారని చెప్పుకుంది. చెప్పుకోగా చెప్పుకోగా ఆ ఆరేళ్ళూ ఆమె మనసులోంచే జారిపోయాయి.

*

ముజీబ్ ఇక పనికి వెళ్ళలేక గుడివాడ గది ఖాళీ చేసి బందరు వచ్చేశాడు. సంగతి తెలిసి ఆ ఆదివారం కౌసర్ వచ్చింది. విరేచనాలకి మంచిదని అరటికాయలు ఎండబెట్టి పొడి కొట్టి తెచ్చింది. ముజీబ్ లోపలి గదిలో పడుకుని ఉన్నాడు. కౌసర్ వాడి నుదుటి మీద చెయ్యేసి చాలాసేపు కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. అక్కడ బిలాల్ పెన్ను పట్టుకుని ప్రశ్నల కాగితాలు ముందేసుకున్నాడు.

"ఏంట్రా అది?"

"డాక్టరు గారిచ్చారు ఖాలా. భాయ్‌కి ఎందుకొచ్చిందో, నాకెందుకు రాలేదో కనిపెడతారంట. చిన్నప్పటివి అడిగారు."

"అడుగు మరి. చెప్తాను. వాడికి మంచి జరుగుతుందంటే ఎందుకు చెప్పను?"

జోహ్రా కూలికి తెచ్చుకున్న గిల్టు గొలుసులకి కొక్కేలు తగిలిస్తూ గుమ్మం దగ్గర కూర్చుంది. వద్దని ఆపలేకపోయింది. బిలాల్ చదువుతుంటే కౌసర్ ఒక్కొక్కదానికీ గుర్తు తెచ్చుకుని చెప్పసాగింది. తల్లిపాలు పది రోజులే. తరవాత డబ్బాపాలు. డబ్బా దొరకనప్పుడు గేదెపాలలో నీళ్ళు కలిపి. తాగే నీళ్ళు చెరువువి, గుడ్డలో వడకట్టి. వంట కట్టెల పొయ్యి మీద, వాడు ఒళ్ళోనే ఉండేవాడు.

"మొదటి రెండేళ్ళలో యాంటీబయోటిక్ మందులు ఎన్నిసార్లు వాడారు?"

"అమ్మో, లెక్కెక్కడుంటుంది? దగ్గొచ్చినా జ్వరమొచ్చినా పెద్దిరాజు డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాన్ని. ఎర్రసీసా మందు ఇచ్చేవాడు. నెలకోసారైనా తాగించేదాన్ని. అది పడితే వాడు తేరుకునేవాడు..."

"చాలు ఆపా," అంది జోహ్రా అక్కతో.

కౌసర్ ఆగి చూసింది.

"వింటున్నావుగా. ఆ డాక్టరమ్మ ఏమేం అడిగిందో అన్నీ చేశావు నువ్వు. నీళ్ళ పాలు పోశావు, మురికినీళ్ళు తాగించావు, ఊరికే మందులు పోశావు. నా దగ్గరున్నవాడు రాయిలా ఉన్నాడు చూడు. నీ చేతుల్లోనే పాడయ్యాడు వాడు."

"అమ్మీ!" అన్నాడు బిలాల్.

కౌసర్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూసుకుంది. ఆ తరవాత లేచి, బురఖా వేసుకుని, చెప్పులు వెతుక్కుంది. బిలాల్ బస్టాండుదాకా దింపుతానంటే వద్దంది. జోహ్రా కాచిన టీ పొయ్యి మీదే ఉండిపోయింది.

కౌసర్ వెళ్ళిపోయాక, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి బిలాల్ చివరి పేజీ తిప్పి చదివాడు. "పదేళ్ళలోపు పిల్లవాడికి పెద్ద దుఃఖం ఏమైనా కలిగిందా? తల్లికి దూరమవడం, ఇల్లు మారడం, తిండి మానేయడం వంటివి?"

"లేదని రాయి," అంది జోహ్రా.

"అవునని రాయి," అన్నాడు లోపలి నుంచి ముజీబ్. అంతసేపూ అతను మేలుకునే ఉన్నాడని అప్పుడు తెలిసింది. "ఆరో ఏట అని రాయి."

జోహ్రా చేతిలోని గొలుసు కింద పెట్టింది. దూరమైన తల్లి ఎవరో, దూరం చేసిన తల్లి ఎవరో ఆ కాగితంలో అడగలేదు. కానీ ఆమెకి పదకొండు రోజుల రస్కులు గుర్తొచ్చాయి. ఎర్రసీసా మందు ఒంట్లో గుర్తు వేస్తే, ఇది వెయ్యదా? బస్టాండులో విడదీసిన ఆ వేళ్ళు?

ఆమె లోపలికి వెళ్ళి మంచం పక్కన కూలబడింది. "నేనేనా నాన్నా? నా వల్లేనా?"

ముజీబ్ ఆమె చెయ్యి తీసుకున్నాడు. "అమ్మీ, ఎనిమిదేళ్ళుగా మోటార్లు విప్పుతున్నాను. కాలిపోయిన మోటారు నా చేతికిచ్చి ఎందుకు కాలిందంటారు రైతులు. ఏదో ఒకటి చెప్పి పంపిస్తాను. నిజంగా నాకు తెలిసేది పదిట్లో ఒక్కదాని సంగతే." కాసేపు ఊపిరి తీసుకుని, "ఖాలాకి ఫోన్ చెయ్యి. భోంచెయ్యకుండా వెళ్ళింది," అన్నాడు.

"రేపు చేస్తాను," అంది జోహ్రా.

మర్నాడు చెయ్యలేదు. ఆ మర్నాడూ చెయ్యలేదు. ఫోన్ తీసి, నంబరు దాకా వెళ్ళి, మళ్ళీ పెట్టేసేది.

*

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ముజీబ్ పొట్ట పట్టుకుని నేల మీద ముడుచుకుపోయాడు. అంబులెన్సులో విజయవాడ తీసుకెళ్ళారు. సన్నబడిపోయిన చోట పేగుకి చిల్లి పడిందని, అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగానే అయిందన్నారు. రెండు రోజులయ్యాక చీము రక్తంలో కలిసిందన్నారు. ఏ మందుకీ జ్వరం దిగలేదు.

మూడో రోజు పొద్దున జోహ్రాని ఐదు నిమిషాలు లోపలికి పంపారు. ముజీబ్ కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. "అమ్మీ," అన్నాడు.

"ఇక్కడే ఉన్నాను నాన్నా," అంటూ ఆమె మొహం దగ్గరికి వంగింది.

వాడు ఆమెని చూశాడు. చూసి, "అమ్మీ వచ్చిందా?" అని అడిగాడు.

జోహ్రాకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఇరవై ఏళ్ళ కిందట తను మాన్పించిన మాట అది. "వస్తోంది నాన్నా. దారిలో ఉంది," అని చెప్పి, బయటికి వచ్చి, వరండాలో నిలబడే కౌసర్‌కి ఫోన్ చేసింది. క్షమించమని అనలేదు. అనడానికి వ్యవధి లేదు. "ఆపా, వాడు నిన్నడుగుతున్నాడు. వచ్చెయ్," అంది.

"బయల్దేరుతున్నా," అంది కౌసర్. ఇంకేమీ అడగలేదు.

నాగాయలంక నుంచి రెండు బస్సులు మారి ఆమె వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. అప్పటికి ముజీబ్‌కి గొంతులో గొట్టం వేసి మెషీను మీద పెట్టారు. తలుపు దగ్గర నర్సు ఇద్దరినీ ఆపింది. "ఒక్కళ్ళే వెళ్ళాలమ్మా. మీ ఇద్దరిలో తల్లి ఎవరు?"

కౌసర్ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఈవిడే," అంది జోహ్రా, అక్క భుజం పట్టుకుని ముందుకు నడిపిస్తూ.

తలుపు మూసుకుంది. అద్దంలోంచి కౌసర్ వీపు కనిపించింది. ఆమె ముజీబ్ పాదాల దగ్గర ఆగి, దుప్పటి సర్ది, తల దగ్గరికి వెళ్ళింది. వాడు కళ్ళు తెరవలేదు. ఆమె ఏదో చెబుతూనే ఉంది. ఏం చెప్పిందో జోహ్రా ఆనాడూ అడగలేదు, తరవాతా అడగలేదు.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజు వేళకి ముజీబ్ పోయాడు. బందరు తెచ్చి, ఎప్పుడో పోయిన తండ్రి లాల్ సమాధి పక్కనే మట్టి చేశారు. స్నానం చేయించిన శరీరాన్ని చివరిసారి చూసుకోమన్నప్పుడు బిలాల్ చూడలేకపోయాడు. ఆ మొహం తనదే.

*

నలభయ్యో రోజు ఫాతిహా చదివించడం అయ్యాక, గుడివాడ నుంచి వసుంధర గారు ఫోన్ చేశారు. బిలాల్‌ని ఒకసారి చూడాలన్నారు. జోహ్రా కూడా వెళ్ళింది. సంచీలో ఆ నాలుగు కాగితాలు పెట్టుకుంది. డాక్టరమ్మ బిలాల్‌కి పరీక్షలు రాసి, ఇలాంటి జంటల్లో పదింట మూడు నాలుగు జంటల్లో రెండోవాడికి కూడా వస్తుందని, పొగ జోలికి పోవద్దని, కడుపులో ఏ మార్పు వచ్చినా దాచుకోకుండా రమ్మని చెప్పారు. బిలాల్ బుద్ధిగా తల ఊపాడు.

"మీకో అబద్ధం చెప్పానండి," అంది జోహ్రా. కాగితాలు బల్ల మీద పెట్టి, చాప మీద ఏడ్చిన పసివాడి దగ్గర్నుంచి ఎర్రసీసా మందు దాకా, అవనిగడ్డ బస్టాండు దాకా అంతా చెప్పింది. "వీటిల్లో ఏదండీ? మా అక్క చేసిందా, నేను చేసిందా? తెలిస్తే తట్టుకుంటాను. తెలియకపోతేనే ఉండలేకపోతున్నాను."

డాక్టరమ్మ కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. తరవాత మెల్లగా చెప్పారు. "అమ్మా, ఆ హైదరాబాదు వాళ్ళు ఒక్కొక్కరి సంగతీ విడిగా చెప్పరు. ఎన్నో జంటల్ని కలిపి చూస్తారు. ఒకే మంచం మీద, ఒకే తల్లి పాలు తాగి పెరిగిన కవలల్లో కూడా ఆ గుర్తులు తేడాగానే ఉంటున్నాయి. ఊరికేనే కూడా మారతాయవి, వయసుతో. ఇంకొకటి. రక్తంలో కనిపించే గుర్తుల్లో చాలా భాగం జబ్బుకి ముందు పడ్డవి కావు. జబ్బు వచ్చాక, ఆ వాపు వల్ల పడ్డవి. మందులతో వాపు తగ్గితే కొన్ని మళ్ళీ మామూలైపోతాయి. కారణమేదో, ఫలితమేదో మాకే ఇంకా తేలలేదు. ముజీబ్ విషయంలో ఎవరి వల్ల అని చెప్పే పరీక్ష లేదు. నేను చెప్పినా అది అబద్ధమే అవుతుంది."

"అంటే మా అక్క వల్ల కాదనే కదండీ?"

"కాదని చెప్పలేను. అవునని అసలే చెప్పలేను."

ఆవిడ ఫైల్లోంచి పాత కాగితం తీసి, 'ఒక్కచోటే' అన్నచోట పెట్టిన టిక్కు కొట్టేసి, పక్కన 'వేరువేరు చోట్ల' అని రాశారు. అది రాయడానికి ఒక్క క్షణం పట్టింది.

*

తరవాతి శుక్రవారం జోహ్రా బిలాల్‌ని తీసుకుని నాగాయలంక వెళ్ళింది. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ వంతెన, అవనిగడ్డ. ఇరవై ఏళ్ళలో తను ఆ దారిన వచ్చింది రెండే రెండుసార్లని, అదీ పెళ్ళికొకసారి, చావుకొకసారి అని ఆమె బస్సులో లెక్కపెట్టుకుంది.

కౌసర్ వాకిట్లో చేపలు తోముతోంది. చెల్లెల్ని చూసి లేవబోయి, వెనకాల వస్తున్న బిలాల్ని చూసి ఆగిపోయింది. తలుపు చెక్క పట్టుకుంది. బిలాల్ అది గమనించి, చెరువు గట్టు చూసి వస్తానని పక్కకి వెళ్ళిపోయాడు. జోహ్రా చెప్పులు విడిచి అక్క పక్కనే నేల మీద కూర్చుంది.

"డాక్టరమ్మని అడిగాను ఆపా."

"నా మందేనంటనా?" అంది కౌసర్. ఈ రెండు నెలలూ ఆమె ఆ ఒక్క ప్రశ్నతోనే బతికినట్టు గొంతులో తెలిసింది.

కాదని చెప్పాలని జోహ్రాకి అనిపించింది. ఒక్క మాట. చెప్పేస్తే అక్క నిద్రపోతుంది. కానీ అబద్ధం చెప్పే ఓపిక ఆమెలో ఇక లేదు. "తెలియదంట. ఎప్పటికీ తెలియదంట. నీ మందో, నీళ్ళో, నేను నీ దగ్గర్నుంచి లాక్కొచ్చిన ఆ రోజో, ఇవేవీ కావో. ఒక్క మంచం మీద పెరిగినా వచ్చేదేమో అంది."

కౌసర్ చేపల గిన్నె వంక చూస్తూ విన్నది.

"నేనన్న మాట మాత్రం నాకు తెలుసు," అంది జోహ్రా. "దానికి డాక్టరక్కర్లేదు. తప్పు నాదే ఆపా."

"నువ్వన్నదానికి కాదే నేను ఏడ్చింది," అంది కౌసర్. "నువ్వనకముందే నేనూ అదే అనుకున్నాను. వాడు ఆ కాగితం చదువుతుంటే ఒక్కొక్కటీ నా చేతుల్నే చూపించింది." జోహ్రా ఆ చేపల చేతినే పట్టుకుంది. ఇద్దరూ పెద్దగా ఏడవలేదు. వాకిట్లో ఎండ గడప దాకా వచ్చింది.

భోజనాల వేళకి బిలాల్ వచ్చాడు. కౌసర్ అతనికి పీట వేసి, కంచం పెట్టింది. మొహం వైపు చూడకుండానే అన్నం వడ్డించింది. పులుసు గరిటె ఎత్తి, సగంలో ఆపింది.

"కారంగా ఉందిరా. మజ్జిగ పోసి పెట్టనా?"

"పులుసే వెయ్యి ఖాలా. నాకేం కాదు," అన్నాడు బిలాల్.

ఆ మాటకి అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి అతని వంక చూశారు. కౌసర్ ఈసారి కళ్ళు తిప్పుకోలేదు. కాస్త పులుసు, చాలా కాస్తే, అన్నం మీద పోసింది. అతను కలుపుకుని తింటుంటే, ముద్ద ముద్దకీ చూస్తూ ఎదురుగా కూర్చుంది. జోహ్రా లేచి, మజ్జిగ ఎక్కడుందో వెతకడానికి లోపలికి వెళ్ళింది.